నొప్పి పెరిగిందని మానిపించకండి, మర్నాడు పొద్దున ఎలా ఉందో చూడండి

మోకాళ్ల అరుగుదల ఉన్న మీ అమ్మగారికి వ్యాయామం మొదలుపెట్టాక నొప్పి ఎక్కువైందని, మానిపించాలా అని అడిగారు. ఇదే భయంతో నేను ఏడాది పాటు కాలు కదపలేదు, అందుకే రాస్తున్నాను.

నాకు 61 ఏళ్లు. మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయింది, నడక తగ్గించండి" అన్నారు ఒక డాక్టరుగారు. తగ్గించాను. కాలవ రేవులోకి దిగడం కూడా మానేశాను. నొప్పి తగ్గకపోగా కిందికి పాకింది. పిక్క మీద వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయేది. అరిగింది మోకాలైతే పిక్క ఎందుకు నొప్పెడుతోందో అర్థమయ్యేది కాదు.

తర్వాత రాజమండ్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి విడమరిచి చెప్పింది. అరిగే గుజ్జుకు, అంటే ఎముకల చివర్లో ఉండే మృదులాస్థికి, అసలు నరాలే ఉండవు. నొప్పి దాని చుట్టూ ఉన్న ఎముక, పొరల నుంచి వస్తుంది. నెలల తరబడి అలా వస్తూ ఉంటే వెన్నుపాము, మెదడు చిన్న ఒత్తిడిని కూడా పెద్ద నొప్పిగా లెక్కేస్తాయి. మామూలుగా కండరాలు పనిచేస్తే శరీరమే నొప్పిని కాస్త అణిచేస్తుంది. మనలాంటివాళ్లలో కొందరికి మొదట్లో అది సరిగ్గా జరగక నొప్పి ఇంకా పెరుగుతుంది. అంటే కీలు పాడవుతోందని కాదు.

డెన్మార్క్‌లో ఇలాంటివాళ్ల చేత 12 వారాలు వ్యాయామం చేయించి, పిక్కకు బీపీ పట్టీ లాంటిది బిగించి ఒత్తిడి పెంచుతూ పరీక్షించారు. వ్యాయామం చేయనివాళ్లతో పోలిస్తే వీళ్లకు ఒత్తిడి వల్ల కలిగే నొప్పి తగ్గింది. నా పిక్క సంగతి తెలిసిన నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో!

నేను చేసింది చాలా మామూలుదే. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, తొడ బిగించి అదమడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. నెల తర్వాత కిలో బియ్యం గుడ్డలో మూటగట్టి, చీలమండకు కట్టుకుని కాలు చాపడం. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాటకూడదు, మర్నాటికి ఎప్పటి స్థాయికి రావాలి. రాకపోతే సగం తగ్గించేదాన్ని, పూర్తిగా ఆపేదాన్ని కాదు. వాపు, వేడి, జ్వరం వచ్చినా, మోకాలు పట్టేసి కదలకపోయినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

మూడో నెలలో ఒకరోజు మనవడు ఆడుతూ వచ్చి నా పిక్క మీద ఎక్కి కూర్చున్నాడు. వాడు లేచి వెళ్లాక గానీ నొప్పెట్టలేదన్న సంగతి తట్టలేదు. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు, కానీ రేవు మెట్లు మళ్లీ దిగుతున్నాను.

మొదటి రెండు వారాలు మాత్రం చేసే వేళకు అమ్మగారి పక్కనే కూర్చోండి. ఒంటరిగా చేసినప్పుడు భయంతో నేను మూడుసార్లు మానేశాను.