ట్రైనర్ కైట్ కొంటున్నావా తమ్ముడూ? సంచి మీది అంకెను నమ్మొద్దు

సందేహం: అన్నా, మాది ప్రొద్దుటూరు. ఉద్యోగం మీద ఈమధ్యే ఇంగ్లండు వచ్చినా. కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట) నేర్చుకోవాలని ఉంది. క్లాసులో చేరేముందు ట్రైనర్ కైట్‌తో, అంటే నేల మీద నిలబడి సాధన చేసే చిన్న కైట్‌తో, చెయ్యి అలవాటు చేసుకోమంటున్నారు. చిన్నప్పట్నుంచీ మిద్దె మీద గాలిపటాలు ఎగరేసినోణ్ణే. బరువు 68 కిలోలు. ఏ సైజు కొనాల? సెలవులకు ఊరికి తెచ్చుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, 2 చదరపు మీటర్లది, మూడు లైన్లది (లైన్లంటే తాళ్లు), బార్‌తో, అంటే రెండు చేతులా పట్టుకునే కడ్డీతో, వచ్చేది తీసుకో. 3 చదరపు మీటర్లదైతే గాలి తక్కువున్న రోజు కూడా ఎగురుతుందని షాపులో చెప్తారు. మాట నిజమే కానీ ఇంగ్లండు తీరంలో గాలికి కరువు లేదు. 8 నాట్ల గాలి (నాట్ అంటే గాలి వేగానికి కొలత) 16 అయిందంటే లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఆ లెక్క తెలీక పెద్దది కొన్నవాళ్లే ఇసుకలో మోకాళ్లు దోక్కునేది.

సైజు దగ్గర ఇంకో తిరకాసుంది. కొన్ని కంపెనీలు వైశాల్యం రాస్తాయి, కొన్ని ఈ చివర నుంచి ఆ చివరకు వెడల్పు రాస్తాయి. ఓజోన్ ఇగ్నిషన్ 2.0 అంటే రెండు చదరపు మీటర్లు. ప్రిజమ్ సినాప్స్ 200 అంటే 200 సెంటీమీటర్ల వెడల్పు. హెచ్‌క్యూ సింఫనీ 2.2 కూడా వెడల్పు లెక్కే, దాని వైశాల్యం 2.2 కంటే చానా తక్కువ. అవి సరదాకు, పిల్లలకు మంచివే, నీ పనికి మాత్రం చాలవు. కొనేముందు ఆ అంకె దేనిదో అడుగు.

మూడో లైన్ ఎందుకంటావా? అది గుడ్డ వెనక అంచుకు పోతుంది, దాని ఇంకో కొస నీ మణికట్టు పట్టీకి ఉంటుంది. చెయ్యి దాటిపోతుందనిపిస్తే బార్ వదిలెయ్. బరువంతా మూడో లైన్ మీద పడి, గుడ్డ గాలి పట్టలేక కిందికి వాలుతుంది. రెండు లైన్లదాన్ని పట్టీ లేకుండా వదిలితే బార్‌తో సహా కొట్టుకుపోయి ఎవరికో తగులుతుంది. ఇంకో లాభం, కైట్ తలకిందులుగా పడితే మూడో లైన్ లాగి వెనక్కి నడిపించి లేపొచ్చు. రెండు లైన్లదానికైతే అలా పడినప్పుడు ఎక్కువగా కైట్ దాకా నడవాల్సిందే.

నీకు అసలు ఇబ్బంది నీ పాత అలవాటే. ఊర్లో మనం దారం వదులుతాం, గుంజుతాం, పటం పైకి పోతుంది. ఇక్కడ లైన్లు దాదాపు 20 మీటర్లు, ఆ పొడవు మారదు. చేత్తో గుంజేదేమీ లేదు. బార్ కుడిపక్క నీవైపు లాక్కుంటే కుడికి, ఎడమపక్క లాక్కుంటే ఎడమకు తిరుగుతుంది. కారు స్టీరింగ్ మాదిరి తిప్పితే తిరగదు, కొత్తవాళ్లందరూ చేసేది అదే. ఇంకో మాట, పటం జారిపోతుంటే దారం పట్టుకోవడం మన చేతికి అలవాటు. ఇది డైనీమా అనే గట్టి కృత్రిమ నూలు తాడు, సన్నగా ఉన్నా బిగుసుకుందంటే వేళ్లు కోస్తుంది. ఏం జరిగినా లైన్ పట్టుకోవద్దు.

గాలి 8 నుంచి 12 నాట్లున్న రోజు మొదలుపెట్టు. ఇక్కడి వాతావరణ సూచనల్లో ఎక్కువగా గంటకు మైళ్లలో చెప్తారు, 12 మైళ్లంటే దాదాపు 10 నాట్లు. మామూలు గాలి 10 ఉండి విసురు 20 అని రాసుంటే ఆ రోజు ఇంట్లోనే ఉండు. క్యాంబర్ సాండ్స్ లాంటి వెడల్పు తీరమైతే నీళ్లు వెనక్కి పోయిన వేళ పో. చెట్లు, ఇళ్ల చాటున గాలి సుళ్లు తిరుగుతుంది. 10 మీటర్ల చెట్టుంటే కనీసం 100 మీటర్లు దూరం జరుగు.

గుడ్డ వెనక అంచు మీద నాలుగు దోసిళ్ల ఇసుక పోసి, గాలి వచ్చే వైపుకు నడుస్తూ లైన్లు విప్పు. ఎరుపు కొస ఎక్కువగా ఎడమ చేతికి, అయినా బార్ మీద చూసి నిర్ధారించుకో. గాలికి వీపు పెట్టి, మోచేతులు కొంచెం వంచి, ఒక అడుగు వెనక్కి వేస్తే లేస్తుంది. నేరుగా నెత్తిమీదకు, అంటే గడియారంలో 12 దగ్గరకు తెచ్చి నిలుపు. అక్కడ లాగుడు తక్కువ. అది కుదిరినాక 11 నుంచి 1 దాకా మెల్లగా తిప్పు. నీ ముందర కిందుగా వేగంగా పోనిస్తే ఆ కదలికకే ఇంకా గాలి పుట్టి ఒక్కసారిగా ఈడుస్తుంది. అది చివర్లో నేర్చుకునే పని. దింపేటప్పుడు 9 వైపో 3 వైపో అంచుకు తీసుకుపో, అక్కడ బలం తగ్గి దానంతట అదే వాలుతుంది.

పాతది కొంటే రెండు పరీక్షలు చాలు. గుడ్డను పెదవులకు ఆనించి ఊదు, గాలి అవతలికి సులువుగా పోతే దాని పని అయిపోయినట్టే. రెండు పక్క లైన్లనూ ఒకే మేకుకు తగిలించి బిగలాగి చూడు, 3 సెంటీమీటర్లు తేడా ఉన్నా కైట్ ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుంది. లైన్ మధ్యలో ముడి ఉంటే బేరం ఆపు, ముడి దగ్గర తాడు బలం సగానికి పడిపోతుంది.

చట్టం సంగతికొస్తే, ఇక్కడ 60 మీటర్ల ఎత్తు దాటితే అనుమతి కావాలి. ట్రైనర్‌కు ఆ బాధ లేదు. మన మామూలు గాలిపటం దారం వదులుతూ పోతే అంత ఎత్తు ఇట్టే దాటేస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకో.

ఊరికి తెచ్చుకో, బార్ పెద్ద పెట్టెలో ఏటవాలుగా పడుతుంది. కానీ మిద్దె ఎక్కి ఎగరేయాలని చూడొద్దు, పిట్టగోడ మీదుగా లాగేస్తుంది. అనంతపురం పక్క ఆషాఢం గాలికి రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టినారంటే ఊహించుకో, ఆ రోజుల్లో 2 చదరపు మీటర్లది కూడా ఎక్కువే. కోత అయిన చేను ఎంచుకో, బోర్లకు పోయే కరెంటు తీగలు ఎక్కడెక్కడున్నాయో ముందు ఒక చుట్టు నడిచి చూడు. తుమ్మచెట్టుంటే దూరం పో, ముల్లు తగిలితే గుడ్డ చినగొచ్చు.