బడిలో రెజిన్ పని మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

ఆరు, ఏడు తరగతుల పిల్లలతో, లోపల ఆకులూ మట్టీ కనబడేలా అద్దంలాంటి రెజిన్ బిళ్లలు చేయించి సైన్సు, లెక్కలు, సాంఘికం వాటితోనే చెబుతావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇలాంటి పంతులమ్మ ఉన్నందుకు మురిసిపోయాను. పోయడం కూడా పిల్లల చేతే అనేసరికి గుండె గుభేలుమంది.

ఈ పనికి వాడేది ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్. గట్టిపడని ఎపాక్సీని పిల్లలు ముట్టకూడదు. ఒకసారి తగిలితే ఏమీ కాకపోవచ్చు. పదే పదే తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, ఇక జన్మలో వదలదు. కలపడం, పోయడం నీ పని. అదీ బడి వదిలాక, కిటికీలు తీసి, నైట్రైల్ గ్లౌజులతో. ఒంటికి అంటితే స్పిరిట్ జోలికి పోకు. పొడి కాగితంతో తుడిచి సబ్బునీళ్లతో కడుక్కో. ఊరికే దద్దుర్లొచ్చే ఒళ్లు నీది, మొండికెయ్యకు.

పిల్లలకు పనికేం తక్కువ? 10 సెం.మీ. పొడవు, 6 వెడల్పు, 1.2 లోతున్న అచ్చు ఇచ్చి ఘనపరిమాణం కట్టమను. 72 ఘనసెంటీమీటర్లు వస్తుంది. నీళ్లు పోసి కొలజాడీతో సరిచూడమను. 2:1 పాళ్లయితే రెజిన్ 48 మి.లీ., హార్డెనర్ 24. రంగునీళ్లతో కొలిచి చూపించమను. నువ్వు పోసేముందు అచ్చులో చుక్క తడి ఉండకూడదు.

ఇక అందరూ చేసే తప్పు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఓ చెంచా ఎక్కువ పోస్తారు. ఫైబర్ పనివాళ్ల పాలిస్టర్ రెజిన్‌ను చూసి వచ్చిన అలవాటిది. అందులో వేసేది ఉత్ప్రేరకం, నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు, కాస్త పెంచితే తొందరగా బిగుస్తుంది. ఎపాక్సీ హార్డెనర్ అలాంటిది కాదు. రెజిన్ అణువులతో కలిసి అదీ గొలుసులో భాగమవుతుంది. ఎక్కువైతే జత దొరకని హార్డెనర్ లోపలే మిగిలిపోయి బిళ్ల మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. నెల ఆగినా అంతే. అలాంటిది పిల్లల చేతికిస్తే మొదట చెప్పిన ప్రమాదమే. సీసా మీద 2:1 అని చూసి తక్కెడలో తూచేవాళ్లూ ఇదే గోతిలో పడతారు. హార్డెనర్ సాధారణంగా తేలిక. కొలతలో, అంటే మి.లీ.లలో, 2:1 అయినది తూకంలో 100కి 40, 45 దగ్గర ఉంటుంది, సగం తూస్తే ఎక్కువైనట్టే. లేబుల్ మీద కొలతా తూకమా అన్నది చూడు. మూడు నాలుగు నిమిషాలు, గిన్నె అంచులూ అడుగూ గీకుతూ కలుపు. కలిపింది గిన్నెలో ఉంచకు. లోతుగా ఉంటే వేడి బయటికి పోక పొగలు కక్కుతుంది. అచ్చులో పల్చగా ఉంటే ఆ బాధ లేదు.

ఇక బిళ్ల లోపల పెట్టేవి. రావి ఆకు జాలాకార ఈనెలు చూపడానికి, వెదురు ఆకు సమాంతర ఈనెలకు. పేపర్ల మధ్య బరువు పెట్టి వారం పదిరోజులు ఆరబెట్టాలి. పచ్చి ఉంటే లోపల గోధుమరంగు తిరిగి బుడగలు కడుతుంది. మొదట 3 మి.మీ. పోసి, తేనెలా చిక్కబడ్డాక ఆకు పెట్టి, పైన మిగతాది పొయ్యి. ఒకేసారి పోస్తే ఆకు తేలుతుంది. నల్లరేగడి, ఎర్రమట్టి, ఇసుక వేరువేరు గుంటల్లో పోసి సాంఘికానికి వాడుకో. రేగడి ఎండలో పెట్టినా తేమ వదలదు, మూకుట్లో వేయించు.

ఏమీ పెట్టని బిళ్ల ఒకటి ఉంచుకో. మంచినీళ్లలో మునుగుతుంది. 100 మి.లీ. నీళ్లకు 35 గ్రాముల దాకా ఉప్పు కరిగిస్తే అదే తేలుతుంది. సాంద్రత పాఠం అయిపోతుంది.

ఏటికొప్పాక బొమ్మ కూడా తరగతికి పట్టుకెళ్లు. దాని మీది లక్క ఒక పురుగు స్రవించే సహజ రెజిన్. లేతు మీద తిరిగే అంకుడు కర్రకు అదిమితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మళ్లీ వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. మన ఎపాక్సీ ఒకసారి బిగిస్తే మళ్లీ కరగదు. లక్కలాంటిది థర్మోప్లాస్టిక్, ఎపాక్సీలాంటిది థర్మోసెట్టింగ్, తేడా అదే.

బిళ్ల 24 గంటలకు అచ్చులోంచి ఊడుతుంది. అయినా వారం ఆగి పిల్లలకివ్వు. అంచులు తడిపి గరుకు కాగితంతో రుద్దు, పొడి దుమ్ము పీల్చకు. వానాకాలం పైన జిడ్డుపొర వస్తే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగెయ్.

సీసా కొనేముందు లేబుల్ ఫొటో తీసి నాకు పంపు. చూసి చెప్పేదాకా డబ్బు కట్టకు.

మీ అత్తయ్య