ఆఫ్రికా పల్లెల్లో మట్టి, కర్రతోనే మేడలు ఎలా కడతారు?

పశ్చిమ ఆఫ్రికా దేశం టోగోకి ఉత్తరాన, పక్క దేశం బెనిన్ సరిహద్దు దగ్గర బటమ్మరిబా జనం కట్టే 'టకియెంటా' ఇళ్ళే దీనికి మంచి జవాబు. 'కుటమ్మకు' అనే ఆ ప్రాంతం 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

గోడని ఒక్కసారిగా లేపరు. తొక్కి మెత్తబరిచిన బంకమట్టిని ముద్దలుగా చేసి చేత్తోనే ఒక వరస పెడతారు, అది ఆరాకే పై వరస. తొందరపడితే తడి గోడ కుంగిపోతుంది.

అసలు తెలివంతా లోపలి కర్రలో ఉంది. పైమిద్దె బరువుని గోడ మీద వేయరు. పంగల గుంజలు పాతి, పంగలో దూలాలు, వాటిపై కర్రలు పరిచి, ఆపైన మట్టి మెత్తుతారు. అందుకే వానకి గోడ కరిగినా మిద్దె నిలబడే ఉంటుంది, ఆ గోడని మళ్ళీ పెట్టుకోవచ్చు. రాయలసీమ మట్టి మిద్దెలు చూసినవాళ్ళకి ఈ దూలాల పద్ధతి కొత్తేం కాదు.

కింద పశువులు, పైన గాదెలు, పడక. గోడలకి పూత పూసేది ఆడవాళ్ళు. పూత మీద వేళ్ళతో గీసిన గీతలు ఎంత అందంగా ఉంటాయో! పశువుల పేడ కలిపిన ఆ పూతే వానని ఆపుతుంది. అది అరిగినప్పుడల్లా మళ్ళీ పూయాలి. పట్టించుకోకుండా వదిలేసిన ఇల్లు కొన్ని వానాకాలాలకే మట్టిలో కలిసిపోతుంది.