అతిథుల ముందు బాబును కొట్టాను, ఈసారి పిల్లలను ఊరికి పంపేయనా?

ప్రశ్న: మాది విజయనగరం. బాబుకు ఏడేళ్ళు, పాపకు మూడేళ్ళు. అత్తగారు మాతోనే ఉంటారు. ఏటా తొలేళ్ళనాటి రాత్రి, అంటే పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగకు ముందు రాత్రి, మావారు తమ ఆఫీసులోని నాలుగు కుటుంబాలను భోజనానికి పిలుస్తారు. కిందటేడు రాత్రి పదింటికి వడ్డన సాగుతూండగా, వచ్చినవారి పిల్లవాడి చేతిలో ఉన్న తన బొమ్మను బాబు లాక్కొని, కంచం తోసేసి, “మీరెప్పుడు వెళ్తారు?” అని అందరినీ అడిగాడు. నేను వాణ్ణి చెంపమీద కొట్టాను. “పెంచడం చేతకానప్పుడు నలుగురినీ పిలవకూడదు” అని అత్తగారు అందరూ వినేలా అన్నారు. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా వాడు గదిలోంచి బయటకు రావడం లేదు. ఈ ఏడు కూడా మావారు అందరినీ పిలిచేశారు. పిల్లలిద్దరినీ ముందు రోజే బొబ్బిలిలో మా అమ్మ దగ్గరకు పంపేద్దామనుకుంటున్నాను. అది తప్పా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పిల్లల మీద కోపం కన్నా భయమే ఎక్కువగా కనిపిస్తోంది. మళ్ళీ వాడు అలాగే చేస్తే, మళ్ళీ మీ చెయ్యి లేస్తే, మళ్ళీ అత్తగారు ఆ మాటే అంటే ఎలాగన్న భయమది. కిందటేడు అంత జరిగాక అలా భయపడడంలో వింత లేదు. అయినా పిల్లలను పంపవద్దనే నేను చెబుతాను. తొలేళ్ళ మర్నాడు మంగళవారం సిరిమానోత్సవం. విజయనగరంలో పెరిగే పిల్లవాడికి ఏడాది మొత్తంలో అంతకన్నా పెద్ద రోజు లేదు. పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరగడాన్నీ, దాని ముందు సాగే పాలధారనూ, తెల్ల ఏనుగునూ, అంజలి రథాన్నీ, జాలరి వలనూ చూడడానికి పక్క జిల్లాల జనమంతా తరలివచ్చే రోజున, ఊళ్ళో ఉన్న తనను మాత్రం బయటకు పంపేశారంటే, కిందటేడు చేసినదానికి శిక్ష ఇంకా తీరలేదనే వాడు అనుకుంటాడు.

అసలు ఆ రాత్రి ఏం జరిగిందో ఒకసారి నిదానంగా చూడండి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 3 నుంచి 5 ఏళ్ళవారికి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. బడి కోసం తెల్లవారి ఆరింటికి లేచే అలవాటున్న పిల్లవాడు తొమ్మిదింటికల్లా పడుకోవాలి. పదింటికి ఇల్లంతా దీపాలు, మాటలు, నవ్వులు, తన మంచం మీద ఎవరివో సంచులు, తన బొమ్మ ఇంకొకరి చేతిలో. ఆ సమయంలో వాడు అడిగిన ప్రశ్నలో అమర్యాద కన్నా నిద్రే ఎక్కువగా ఉంది. మర్యాద నేర్పవద్దని నేననను. నేర్పడానికి అది వేళ కాదని అంటున్నాను.

ముందుగా చేయవలసినది విందు ఏర్పాటు కాదు, బాబుతో మాట్లాడడం. దెబ్బ నొప్పి వాడు ఆ రాత్రే మరిచిపోయి ఉంటాడు. నలుగురి ముందు చిన్నబోయిన సంగతి మాత్రం ఇంకా మరవలేదు కనుకనే మనుషులు వస్తే గదిలో దాక్కుంటున్నాడు. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చోబెట్టుకొని, “ఆ రోజు అందరి ముందూ నిన్ను కొట్టాను. అది నా తప్పు. నీకు నిద్ర ముంచుకొస్తోందని నేను గమనించలేదు. ఇంకెప్పుడూ అలా కొట్టను” అని చెప్పండి. ఆ తరువాత “కానీ నువ్వు కూడా” అన్న మాట కలపవద్దు. వాడు ఏమీ అనకపోతే ఊరుకోండి. ఈ మాట పండుగకు కొన్ని రోజుల ముందే జరగాలి, లేకపోతే ఆ రాత్రి బుద్ధిగా ఉండమని బేరం పెట్టినట్లుగా ఉంటుంది.

ఇక మీవారి సంగతి. పిలిచేది ఆయన, వండేదీ వడ్డించేదీ పిల్లలను అదుపులో పెట్టేదీ మీరు, చివరకు మాటపడేదీ మీరే. ఇది న్యాయం కాదని నేను గట్టిగానే అంటాను. ఆయనతో దెబ్బలాడనక్కరలేదు, రెండు పనులు స్పష్టంగా అడగండి. మొదటిది, అందరినీ రాత్రి ఏడింటికే రమ్మని ఆయనే చెప్పాలి. భోజనాలు ముందుగా ముగిస్తే తొలేళ్ళ సందడి చూడడానికి వెళ్ళేవారికీ వీలుగా ఉంటుంది, పిల్లలున్న ఆ కుటుంబాలవారూ సంతోషిస్తారు. రెండవది, అతిథులు గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచి పిల్లలిద్దరూ నిద్రపోయే వరకు వాళ్ళ బాధ్యత పూర్తిగా ఆయనదే.

ఆ రోజు వంటకాల సంఖ్య తగ్గించండి. పులిహోర, ఒక కూర, బెల్లం పులుసు, పెరుగు, ఏదో ఒక తీపి ఉంటే ఎవరూ ఆకలితో లేచిపోరు. పిల్లలందరికీ పెద్దల కంటే ముందే చాప పరచి ముద్దపప్పు, నెయ్యి, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం పెట్టి, ఒక పెద్దవారు పక్కనే కూర్చోవాలి. పలాస జీడిపప్పు, వేరుశనగ గుళ్ళు పళ్ళెంలో పోసి బల్లమీద ఉంచడం మనకు అలవాటు. నాలుగేళ్ళలోపు పిల్లలకు అలాంటి గట్టి గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది కనుక మీ పాపకు అందని చోట పెట్టండి. వేడి పులుసు గిన్నె నేలమీద దించవద్దు, పిల్లలు పరుగెడుతుంటారు.

బాబు ఎవరికీ ఇవ్వనంటున్న బొమ్మలను వాడినే ఏరమని, ముందుగానే బీరువాలో పెట్టేయండి; మిగిలినవి అందరూ ఆడుకోవచ్చునని వాడే ఒప్పుకుంటాడు. వాడికి ఇష్టమైతే చేయదగిన పని కూడా ఒకటి ఉంది. మీవారి ఆఫీసులో బదిలీ మీద కొత్తగా వచ్చినవారు ఉంటే, వాళ్ళ పిల్లలకు రేపు సిరిమాను ఎలా వస్తుందో, ముందు ఏమేమి నడుస్తాయో చెప్పే పని వాడికి అప్పగించండి. తనకు తెలిసినది ఎదుటివారికి తెలియనప్పుడు బిడియమున్న పిల్లవాడు కూడా నోరు విప్పుతాడు. “అంకుల్‌కు ఒక పద్యం చెప్పు” అని మాత్రం ఎవరూ నిలబెట్టకుండా చూడండి. మన ఇళ్ళలో ప్రేమతోనే జరిగే ఈ పని వల్ల ఎంతమంది పిల్లలు చుట్టాలంటేనే జంకుతారో చెప్పలేను.

అత్తగారి మాట మిమ్మల్ని ఎంత గాయపరిచిందో నాకు తెలుస్తోంది. అందరిలో అనడం ఆవిడ తప్పే. మళ్ళీ అలాంటి మాట వస్తే జవాబు చెప్పవలసినది మీరు కాదు, ఆవిడ కొడుకు. ఆ సంగతి ఆయనతో ముందే అనుకోండి. అదే సమయంలో, ఎనిమిదిన్నరకు పాపకు కథ చెప్పి నిద్రపుచ్చే పని ఆవిడను అడగండి. ఆ పని ఆవిడ మీకన్నా బాగా చేయగలరని నిజంగా అనిపిస్తే, ఆ మాట ఆవిడతో అనండి కూడా.

ఆ రాత్రి బాబు గదిలోనే ఉంటానంటే బుజ్జగించి లాక్కురావద్దు, అన్నం అక్కడికే పంపండి, వాళ్ళ నాన్నను కాసేపు పక్కన కూర్చోమనండి. పండుగ వెళ్ళిన కొన్ని వారాలకు కూడా వాడు మనుషులను తప్పించుకుంటున్నా, బడికి వెళ్ళనని మారాం చేస్తున్నా, మానేసిన పక్క తడిపే అలవాటు మళ్ళీ మొదలైనా పిల్లల వైద్యునికి చూపించండి. మీకే మనసు కుదుటపడకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.