ఓడ ఆగినంత మాత్రాన దిగాలా?

క్రూజ్ ప్రయాణాల గురించి పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి మా ఇద్దరికీ మయామి నుంచి ఏడు రాత్రుల కరీబియన్ క్రూజ్ బుక్ చేశాడు. ఓడ ఆగే చోట్లలో ‘లబాడీ’ అని ఉంది. అది హైతీలో ఉందని ఆ తర్వాత తెలిసింది. అక్కడ ముఠాల కాల్పుల గురించి టీవీలో చూస్తూనే ఉన్నాం. వెళ్లొచ్చా? ఇప్పుడు మానుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా? – కె.ఎల్., విజయవాడ

జవాబు: టికెట్ రద్దు సంగతి తర్వాత చూద్దాం. అసలు ఓడ అక్కడికి వెళ్తుందో లేదో ముందు తెలుసుకోండి. లబాడీకి ఓడలు నడిపే రాయల్ కరీబియన్ కంపెనీ 2024 మార్చిలో అక్కడ ఆగడం మానేసింది. అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టి, 2025 ఏప్రిల్‌లో మరోసారి ఆపేసింది. బుకింగ్ చేసిన రోజు వచ్చిన కాగితం మీద ఆ పేరు ఉండిపోయి ఉండొచ్చు. కంపెనీ యాప్‌లో మీ ప్రయాణ తేదీ పెట్టి చూడమని అబ్బాయికి చెప్పండి. లబాడీ స్థానంలో వేరే రేవో, ‘సముద్రంలో ఒక రోజు’ అనో కనిపిస్తే మీ సగం బెంగ తీరినట్టే.

ఒకవేళ ఓడ అక్కడ ఆగినా, టీవీలో చూసే హైతీ, లబాడీ ఒకటి కావు. లబాడీ ఉత్తర తీరంలో, కాప్ హైతియన్ పట్టణం దగ్గరున్న చిన్న ద్వీపకల్పం. 1980ల నుంచి కంపెనీ లీజులో ఉంది. చుట్టూ కంచె, సొంత కాపలా, సొంత జెట్టీ ఉన్నాయి. దిగినవాళ్లు బీచ్ దాటి ఊళ్లోకి వెళ్లే వీలే లేదు. ముఠాల రాజ్యం ప్రధానంగా రాజధాని పోర్టోప్రిన్స్‌లో, దాని చుట్టుపక్కల. మధ్యలో కొండలు అడ్డం. కాబట్టి ఇసుక మీద కూర్చున్నవాళ్ల మీదికి ఎవరో తుపాకులు పట్టుకుని వస్తారన్న భయం అక్కర్లేదు.

మా అనుమానమంతా మరోచోట. మీలో ఒకరికి అక్కడ గుండెనొప్పి వచ్చి, ఓడలోని డాక్టర్ ‘ఒడ్డున ఆస్పత్రిలో చేర్చాలి’ అన్నారనుకోండి. ఆస్పత్రి ఉండేది కంచె బయట. పైగా హైతీలో భారత రాయబార కార్యాలయం లేదు. అక్కడి మనవాళ్ల వ్యవహారాలు పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్‌లోని శాంతో డొమింగో నుంచే చూస్తారు. బీపీ, షుగరు, స్టెంట్ల చరిత్ర ఉంటే ఆ రోజుకు ఓడలోనే ఉండిపోవడం మేలు. ఓడ ఆగిందని దిగి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. అందరూ దిగిపోయాక ఈతకొలను, భోజనశాల ఖాళీగా దొరకడం అదనపు లాభం.

ఇక డబ్బు. టికెట్ ఒప్పందం చదివితే ఓపిక నశిస్తుంది కానీ అందులో ముఖ్యమైన మాట ఒకటే: ఏ రేవునైనా మానేయడానికీ, మార్చడానికీ కెప్టెన్‌కు, కంపెనీకి పూర్తి హక్కు ఉంది. వాళ్లు మానేస్తే మీకు వచ్చేది ఆ రేవు పన్నులు, ఫీజులు మాత్రమే. అవి చిన్న మొత్తాలు, ఓడలోని మీ ఖాతాలో జమ అవుతాయి. అక్కడ తిరగడానికి కంపెనీ ద్వారా కొన్న టూరు ఉంటే ఆ డబ్బు పూర్తిగా వస్తుంది. బయటి ఏజెంటు దగ్గర కొన్న టూరుకు వాళ్ల షరతులే వర్తిస్తాయి. అదే మీరుగా భయపడి రద్దు చేసుకుంటే పెనాల్టీ తప్పదు. బయల్దేరే తేదీ దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది. చివరి వాయిదా కట్టే గడువు ఎప్పుడో ఈరోజే చూసుకోండి. నిర్ణయం ఆలోపే జరగాలి.

ప్రశ్న: ఇటలీ నుంచి బయల్దేరే మెడిటరేనియన్ క్రూజ్‌లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్ కూడా ఉంది. 2015లో అక్కడ టూరిస్టులను చంపారు కదా. దిగితే ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి? – ఎం.ఆర్., హైదరాబాద్

జవాబు: 2015 మార్చి 18న దాడి జరిగింది బార్డో మ్యూజియంలో. ఓడలున్న లా గులెట్ రేవుకు అది సుమారు పదిహేను కిలోమీటర్ల దూరం. చనిపోయినవాళ్లలో కోస్టా ఫాసినోసా, ఎం.ఎస్.సి. స్ప్లెండిడా ఓడల నుంచి దిగిన ప్రయాణికులు ఉన్నారు. ఒక స్పెయిన్ జంట ఆ రాత్రంతా మ్యూజియంలోనే దాక్కుని మర్నాడు బయటపడింది. ఓడలకు మాత్రం ఏమీ కాలేదు. గొడవలున్న దేశంలో ప్రమాదం ఓడ మీదికి రావడం అరుదు. గ్యాంగ్‌వే (ఓడ ఎక్కి దిగే దారి) నుంచి మనం ఎంత దూరం పోయాం, తిరిగి రావడానికి ఎన్ని దారులున్నాయి అన్నదే లెక్క.

ఆ తర్వాత కంపెనీలు కొన్నేళ్లు ట్యూనిస్ మానేసి, పరిస్థితి కుదుటపడ్డాక మళ్లీ వచ్చాయి. ఇప్పటి సంగతి తెలియాలంటే అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే 1 నుంచి 4 వరకు ఉండే స్థాయిలు చూడండి. 3 అంటే ‘ఆలోచించుకోండి’, 4 అంటే ‘వెళ్లొద్దు’. అంకె ఒక్కటే చూసి వదిలేయకండి, కింద ఏ ప్రాంతం గురించి రాశారో చదవండి. సరిహద్దు జిల్లాల గొడవ వల్ల దేశం మొత్తానికి పెద్ద అంకె పడుతుంటుంది. మన విదేశాంగ శాఖ సూచనలూ చూడండి.

దిగదలిస్తే కంపెనీ టూరే తీసుకోండి. ఖరీదు ఎక్కువే. అయినా ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా కంపెనీయే తన ఖర్చుతో మిమ్మల్ని తర్వాతి రేవుకు చేరుస్తుంది. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్తే, దారిలో ఊరేగింపు అడ్డొచ్చి మీరు పది నిమిషాలు ఆలస్యమైనా ఓడ వెళ్లిపోతుంది. చూడదగ్గ చోట్లయిన కార్తేజ్ శిథిలాలు, సిదీ బూ సయీద్ ఊరు రేవుకు దగ్గరే. నగరం నడిబొడ్డుకు పోకుండానే చూసి రావచ్చు.

చాలామంది ఓడ తప్పిపోయేది గొడవల వల్ల కాదు, గడియారం వల్ల. ఫోను దానంతటదే స్థానిక సమయానికి మారిపోతుంది, ఓడ మాత్రం తన సమయమే పాటిస్తుంది. ఫోనులో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, ఓడ సమయం మీరే పెట్టుకోండి. ‘ఆల్ అబోర్డ్’ – అంటే అందరూ ఓడలోకి తిరిగి రావాల్సిన గడువు – సాధారణంగా బయల్దేరే వేళకు అరగంట ముందు, కొన్నిచోట్ల గంట ముందు. గొడవలున్న ఊళ్లో దానికి ఇంకో రెండు గంటల ముందే గ్యాంగ్‌వే దగ్గర ఉండాలనుకోండి.

జేబులో ఓడ కార్డు, పాస్‌పోర్టు కలర్ జిరాక్సు, రెండు రోజుల మందులు, చిన్న నోట్లలో కొంత నగదు ఉండాలి. ముందురోజు రాత్రి గదికి వచ్చే కార్యక్రమ పత్రం మీద పోర్ట్ ఏజెంటు (రేవులో ఓడ కంపెనీ ప్రతినిధి) ఫోన్ నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసుకోండి. ఒరిజినల్ పాస్‌పోర్టు గదిలోని లాకర్‌లో ఉంచొచ్చు. ప్రయాణికులు తిరిగి రాకపోతే సిబ్బంది లాకర్ తెరిచి పాస్‌పోర్టులు పోర్ట్ ఏజెంటుకు అప్పగించడం మామూలే. సొంతంగా దూరం పోతున్నా, ఆ దేశపు అధికారులు అడుగుతారని ఓడలో చెప్పినా వెంట తీసుకెళ్లండి. జనం గుమిగూడిన చోట ఫొటోలు తీయొద్దు.

మీరు అడగలేదు కానీ చెప్పాలి: ట్యునీషియా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దేశం కాదు. ఇటలీలో ఎక్కి, ట్యూనిస్‌లో ఆగి, మళ్లీ ఇటలీకి వస్తారు కనుక మీ షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ (ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీలున్నది) అయి ఉండాలి. సింగిల్ ఎంట్రీతో ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. గొడవల వల్ల చివరి నిమిషంలో రేవు మారినప్పుడూ ఇదే చిక్కు. 2024 మేలో పసిఫిక్‌లోని ఫ్రెంచి దీవి న్యూ కలెడోనియాలో అల్లర్లు చెలరేగి ఎమర్జెన్సీ పెట్టినప్పుడు, ఆస్ట్రేలియా నుంచి వెళ్లాల్సిన ఓడలు దాని రాజధాని నౌమియా మానుకున్నాయి. అలా మారిన రేవుకు మన పాస్‌పోర్టుతో వీసా కావాల్సి వస్తే, మహా అయితే ఓడలోనే కూర్చోవాలి.

ప్రశ్న: గొడవల వల్ల ప్రయాణం చెడితే ఇన్సూరెన్స్ ఇస్తుందా? – టి.వి., విశాఖపట్నం

జవాబు: ‘మినహాయింపులు’ అన్న పేజీ తెరవండి. యుద్ధం, అంతర్గత కల్లోలం చాలా పాలసీల్లో అక్కడే ఉంటాయి. పాలసీ కొనేనాటికే గొడవ పత్రికల్లో ఉంటే ‘ముందే తెలిసిన సంగతి’ అని క్లెయిము తోసిపుచ్చుతారు. భయంతో మానుకుంటే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. అమెరికాలో ఉండేవాళ్లకు ‘ఏ కారణానికైనా రద్దు’ అనే అదనపు కవరు దొరుకుతుంది. మొదటి అడ్వాన్సు కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపు కొనాలి, బయల్దేరే 48 గంటల ముందే రద్దు చేయాలి. అప్పుడు కూడా వచ్చేది 50 నుంచి 75 శాతమే. అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు పిల్లలు కొనే విజిటర్ పాలసీ ముఖ్యంగా వైద్యానికి. అది అమెరికా బయట, ఓడలో పనిచేస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చుకు కనీసం లక్ష డాలర్ల కవరు ఉండాలని మా అభిప్రాయం.

ప్రశ్న: దుబాయ్ నుంచి యూరప్‌కు ఎర్రసముద్రం మీదుగా వెళ్లే ఓడలు చవగ్గా ఉండేవి. ఇప్పుడు ఎక్కొచ్చా? – ఎస్.కె., దుబాయ్

జవాబు: 2023 నవంబరు 19న యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు గెలాక్సీ లీడర్ అనే సరుకు ఓడను ఎత్తుకెళ్లాక, క్రూజ్ కంపెనీలు ఆ దారి మానుకోవడం మొదలుపెట్టాయి. ఎం.ఎస్.సి. కంపెనీ 2024 ఏప్రిల్‌లో జరగాల్సిన మూడు ఓడల ప్రయాణాలను రద్దు చేసింది. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. అందుకే ఈ దారిలో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే రద్దు షరతులు చూశాకే అడ్వాన్సు కట్టండి. యూరప్ నుంచి తిరుగు విమానం టికెట్ కూడా మార్చుకోగలిగేదే కొనండి. ఎర్రసముద్రానికి ముందు వచ్చే ఏడెన్ గల్ఫ్ దాటే ఓడల్లో రాత్రి డెక్ దీపాలు తగ్గించి, గది కర్టెన్లు వేయమంటారు. అలారం మోగితే బాల్కనీ వదిలి, కిటికీలకు దూరంగా లోపలి నడవలో నేల మీద కూర్చోవాలి. ఆ డ్రిల్లు పెట్టినప్పుడు ఫోను చూస్తూ నిలబడకండి.