నా వల్లే వచ్చిందా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. తలనొప్పి, పొద్దున్నే వాంతులు అవుతుంటే స్కాన్ తీయించాం. మెడుల్లోబ్లాస్టోమా, అంటే చిన్నమెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డ అన్నారు, ఆపరేషన్ అయింది. కడుపుతో ఉన్నప్పుడు ఫోన్ ఎక్కువ వాడాను. నా వల్లే వచ్చిందా? మీ పరిశోధనలో ఏం తేలింది?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కాదమ్మా, మీ వల్ల రాలేదు. ఫోన్ వల్ల ఇది వస్తుందనడానికి రుజువు లేదు. ఆ టెన్షన్ ముందు తీసేయండి.

చిన్నమెదడు ఎదిగేటప్పుడు కణాలు చాలా వేగంగా విభజన చెందుతాయి. అప్పుడు ఏదో ఒక జన్యువులో తప్పు పడితే, ఆగాల్సిన కణం ఆగదు. ఎక్కువమంది పిల్లల్లో ఇది అనుకోకుండా జరిగేదే. కొద్దిమందికి మాత్రం పుట్టుకతోనే ఆ లోపం ఉంటుంది, కాబట్టి జన్యు నిపుణులను ఒకసారి కలవండి.

పైకి ఒకే జబ్బులా ఉన్నా, ఇందులో నాలుగు ప్రధాన రకాలున్నాయని 2012లో శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి వచ్చారు. డబ్ల్యూఎన్‌టీ రకమైతే చికిత్సతో చాలామంది పిల్లలు కోలుకుంటున్నారు. పీహెచ్‌డీ అయ్యాక నేను పరిశోధనకు ఎంచుకున్నది మొండి రకం, గ్రూప్ 3. అందులో కొందరికి మిక్ అనే జన్యువు కాపీలు ఎక్కువగా ఉంటాయి. దాన్ని అణచాలని చూస్తున్నాం. ల్యాబ్ ప్లేటులో చచ్చిన క్యాన్సర్ కణాలు ఎలుక మెదడులో మాత్రం బతికేస్తాయి. ఆ రోజు నాకు అన్నం సయించదు. మర్నాడు మళ్లీ మొదలుపెడతాను.

ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనం దిమ్మలో భద్రపరుస్తారు. రకం తేల్చే మాలిక్యులర్ పరీక్ష చేశారా అని రేడియేషన్‌కు ముందే డాక్టరుగారిని అడగండి.