పెద్ద ఆఫ్‌రోడ్ టైర్లు వేస్తే ఎస్‌యూవీ ఎత్తు ఎంత పెరుగుతుంది?

టైరు వ్యాసం ఎంత పెరిగిందో, బండి ఎత్తు అందులో సగమే పెరుగుతుంది. ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి దాన్ని పైకి లేపేది ఇరుసు కింద ఉన్న సగం టైరే.

టయోటా ల్యాండ్ క్రూయిజర్ 200కు 285/60 ఆర్18 టైర్లు వచ్చేవి, వ్యాసం సుమారు 799 మి.మీ. వాటి బదులు 285/65 ఆర్18 వేస్తే 828 అవుతుంది. తేడా 29 మి.మీ., బండి లేచేది 14 మి.మీ. పైనే. స్పీడోమీటర్ కూడా అసలు వేగం కంటే సుమారు మూడున్నర శాతం తక్కువ చూపడం మొదలుపెడుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సస్పెన్షన్ ఎత్తు పెంచితే ఇదే ఫలితం వస్తుందనుకోవడం పొరపాటు. దానివల్ల బాడీ లేస్తుంది. ఈ బండి వెనక ఉన్నలాంటి సాలిడ్ యాక్సిల్‌లో (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులో) మాత్రం రాళ్లకు ముందుగా తగిలే డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె, ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరే.